కేవైసీ ఒక్కసారి ఇస్తే చాలన్నారు, ఆ మాట నిలబెట్టండి: రిజర్వు బ్యాంకుకు, బ్యాంకుల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

భారతీయ రిజర్వు బ్యాంకు గవర్నరు గారికి,
కేంద్ర ఆర్థిక సేవల విభాగం కార్యదర్శి గారికి,
కేంద్ర కేవైసీ రికార్డుల రిజిస్ట్రీని నడుపుతున్న సెర్సాయ్ అధికారులకు,
అన్ని బ్యాంకుల ఛైర్మన్లకు, మేనేజింగ్ డైరెక్టర్లకు,

నమస్కారం.

నేను ముప్పై ఒక్క ఏళ్లు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. పల్నాడు జిల్లాలో ఒక మండల కేంద్రంలో ఉంటున్నాను. ఒకసారి ఇచ్చిన కేవైసీని, అంటే ఖాతాదారు ఎవరో రుజువు చేసే కాగితాలను, బ్యాంకులు మళ్లీ మళ్లీ అడగటం మీద మా ఊరి బ్రాంచికి ఒకసారి, రీజినల్ ఆఫీసుకు రెండుసార్లు ఉత్తరాలు రాశాను. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు కూడా పెట్టాను. ఉత్తరాలకు జవాబు లేదు. ఆన్‌లైన్ ఫిర్యాదుకు మాత్రం పదకొండో రోజున 'మీ సమస్య పరిష్కరించబడింది' అని మెసేజ్ వచ్చింది. ఏది పరిష్కరించారో అందులో లేదు. అందుకే ఈ బహిరంగ లేఖ.

2025లో దసరా వెళ్లిన వారం. మా వీధి చివర ఉండే ఒకామె పొద్దున్నే వచ్చి మా అరుగు మీద కూర్చుంది. పత్తి తీతలకు, మిరప కోతలకు, ఉపాధి పనికి వెళ్లే మనిషి. చేతిలో చీరల షాపు కవరు. అందులో ఆధార్, రేషన్ కార్డు, పాస్‌బుక్, ఆరు ఆధార్ జిరాక్సులు, రెండు ఫొటోలు. "బాబాయ్, నా డబ్బులు నాకియ్యట్లేదు" అంది.

ఖాతాలో 6,200 రూపాయలున్నాయి. కూతురి హాస్టల్‌కు కట్టాలని తీయబోతే డబ్బు రాలేదు. బ్రాంచికి వెళ్తే కేవైసీ గడువు అయిపోయిందన్నారు. జిరాక్సు, ఫొటో ఇచ్చి వచ్చింది. వారం తర్వాత వెళ్తే పేరు కలవటం లేదన్నారు. ఆమె పేరు రెండు మాటల కలయిక. ఆధార్‌లో ఆ రెండూ కలిసి ఉన్నాయి, బ్యాంకులో విడిగా ఉన్నాయి. ఇంటిపేరు ఆధార్‌లో పూర్తిగా, ముందు ఉంది. బ్యాంకులో ఒకే ఒక్క ఇంగ్లిషు అక్షరమై చివరికి పోయింది. మూడోసారి వెళ్తే సర్వర్ డౌన్. నాలుగోసారి వేలిముద్ర పడలేదు. ఆమె నాకు చెయ్యి చాపి చూపించింది. బొటనవేలి మీద గీతలు అరిగిపోయి, చర్మం నున్నగా మెరుస్తోంది.

నాలుగు రోజుల కూలి పోయింది. ఉపాధి హామీ లెక్కనే వేసుకున్నా 2025–26లో మన రాష్ట్రంలో రోజుకు 307 రూపాయలు, అంటే 1,228. ఆటో ఛార్జీలు రానూపోనూ 80 చొప్పున 320. మొత్తం 1,548 రూపాయలు. తన 6,200 తను తీసుకోవటానికి అందులో దాదాపు పావు వంతు ఖర్చయింది. అప్పటికీ డబ్బు చేతికి రాలేదు. హాస్టల్‌కు కట్టాల్సిన డబ్బు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకుంది.

ఈ మనిషి ఎవరో బ్యాంకుకు తెలియక జరిగిందా అంటే కాదు. ఆమె డ్వాక్రా సంఘంలో రెండో లీడర్. ఆ సంఘం లోను రెన్యువల్‌కు ఇదే బ్రాంచి ఏడాదిన్నర కిందట ఆమె కేవైసీ మళ్లీ తీసుకుంది. ఇంకో బ్యాంకులో బంగారం మీద అప్పు ఉంది, అక్కడా ఇచ్చింది. ఆ కాగితాలు తెప్పించి చూస్తే వాటి మీద ఆమె 14 అంకెల కేంద్ర కేవైసీ నంబరు, అంటే ఏ బ్యాంకైనా ఆమె రికార్డు తెరిచి చూసుకోవటానికి ఇచ్చే నంబరు, స్పష్టంగా ఉంది. నేనే ఆమెతో బ్రాంచికి వెళ్లి ఆ నంబరు చూపించాను. కౌంటర్లో ఉన్న అబ్బాయి మర్యాదగానే చెప్పాడు: "అది మా దగ్గర ఓపెన్ కాదు సార్, మళ్లీ జిరాక్సులు ఇవ్వండి." అతని ముందు క్యూలో నలభై మంది ఉన్నారు. నేనూ ఆ సీటులో కూర్చున్నవాణ్నే, అతన్ని తప్పుపట్టలేను. తప్పు అతని చేతికి సరైన పనిముట్టు ఇవ్వని మీది.

ఇప్పుడు రూల్సు ఏం చెబుతున్నాయో చూద్దాం. మనీ లాండరింగ్ నిరోధక చట్టం 2002 నాటిది. దాని కింద 2015 నవంబరులో కేంద్ర కేవైసీ రిజిస్ట్రీ బాధ్యతను సెర్సాయ్‌కు అప్పగించారు. 2017 జనవరి 1 నుంచి వాణిజ్య బ్యాంకులు కొత్త ఖాతాదారుల వివరాలు అందులోకి ఎక్కించాలి, ఖాతా తెరిచిన పది రోజుల్లోగా. ఒకచోట ఇచ్చిన వివరాలను దేశంలో ఏ ఆర్థిక సంస్థ అయినా అక్కడి నుంచి తెచ్చుకోవాలి, మనిషిని మళ్లీ మళ్లీ తిప్పకూడదు అనేదే దాని ఉద్దేశం. 2024 నవంబరులో రిజర్వు బ్యాంకు దీన్ని ఇంకా గట్టిగా చెప్పింది: నంబరు ఉంటే రికార్డు అక్కడి నుంచే తీసుకోండి, అవే కాగితాలు మళ్లీ అడగొద్దు. వివరాలు మారితే, చిరునామా సరిచూడాల్సి వస్తే, రికార్డు అసంపూర్ణంగా ఉంటే, లేదా బ్యాంకుకు అవసరమనిపిస్తే మాత్రం అడగవచ్చు. ఈ చివరి మాట ఉంది చూశారూ, అందరూ ఆ తలుపులోంచే బయటపడుతున్నారు. 2025 ఫిబ్రవరి 1 బడ్జెట్‌లో రిజిస్ట్రీని కొత్తగా తీర్చిదిద్దుతామని ఆర్థిక మంత్రి గారు చెప్పారు. 2025 జూన్ 12న వచ్చిన ఉత్తర్వు మా ఊరి లాంటి ఊళ్లకు ఎంతో ముఖ్యమైనది. రిస్కు తక్కువున్న ఖాతాదారులకు కేవైసీ గడువు దాటినా లావాదేవీలు ఆపొద్దని, గడువు తేదీ నుంచి ఏడాది లేదా 2026 జూన్ 30, ఏది ఆలస్యమైతే అప్పటిదాకా టైమివ్వమని అందులో ఉంది. మా వీధి ఆమె ఖాతా ఆగిపోయింది ఆ ఉత్తర్వు వచ్చిన తర్వాతే. కూలి పని చేసుకునే మనిషిది ఏ రిస్కు ఖాతా?

అంటే రూలు బాగానే ఉంది. రూలుకూ కౌంటరుకూ మధ్య డేటా దారి తప్పింది.

ఎక్కడ తప్పిందో నా కళ్లతో చూశాను కాబట్టి చెబుతాను. కేంద్ర రిజిస్ట్రీకి అప్‌లోడ్ చేసే పని మొదలైనప్పుడు నేను బ్రాంచిలో ఉన్నాను. పై నుంచి రోజుకిన్ని చేయాలని టార్గెట్. బీరువాల్లోంచి పాత ఫారాలు తీసి స్కాన్ చేశాం. సంతకం మసకగా వచ్చినా పంపాం. ఊరి పిన్‌కోడ్ తెలియకపోతే బ్రాంచి పిన్‌కోడ్ వేశాం. తండ్రి పేరు లేని చోట భర్త పేరు, భర్త పేరు లేని చోట తండ్రి పేరు. తిరిగొచ్చిన రిజెక్టుల ఫైలు చూసే తీరిక ఎవరికీ లేదు. అందులో నా తప్పూ ఉంది, ఒప్పుకుంటున్నాను. అప్పటి ఆ తొందర ఫలితం ఇప్పుడు ఎండలో క్యూ కట్టినవాళ్లు అనుభవిస్తున్నారు. ఒక బ్యాంకు ఎక్కించిన రికార్డును ఇంకో బ్యాంకు నమ్మదు. తీరా ఏదైనా తేడా వస్తే జరిమానా తమకు పడుతుందని అన్ని కాగితాలూ మొదటి నుంచి అడుగుతుంది.

బ్యాంకు లోపల కూడా ఇదే కథ. ఒకే మనిషి కేవైసీ సేవింగ్స్ ఖాతా సాఫ్ట్‌వేర్‌లో ఒకటి, లోన్ల సాఫ్ట్‌వేర్‌లో ఒకటి, బంగారం లోన్ల దగ్గర ఒకటి, కార్డుల విభాగంలో ఒకటి, బ్రాంచి బీరువాలో ఇంకొకటి. ఒకచోట సరిచేస్తే మిగతా చోట్లకు పోదు. ఒక ఖాతాదారుకు ఒకే కస్టమర్ నంబరు ఉండాలని రిజర్వు బ్యాంకు ఏనాడో చెప్పింది. మన రాష్ట్రాల్లో విలీనాలు ఎన్ని జరిగాయో చూడండి. 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్, 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు వేరే బ్యాంకుల్లో కలిశాయి. 2025లో తెలంగాణలో జనవరి నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో మే నుంచి రాష్ట్రానికి ఒకే గ్రామీణ బ్యాంకు మిగిలింది. వీటిలో ఏ బ్యాంకునూ నేను వేలెత్తి చూపటం లేదు. రెండు బ్యాంకుల్లో ఖాతా ఉన్న మనిషికి, ఆ రెండూ ఒకటైతే రెండు కస్టమర్ నంబర్లు మిగులుతాయన్నది మాత్రం బ్యాంకులో పనిచేసిన ఎవరిని అడిగినా చెబుతారు.

మామూలు జనం మీద దీని దెబ్బ ఎలా పడుతోందో, మేం ఏం కోరుతున్నామో వరుసగా రాస్తున్నాను.

1. ముందు రిజిస్ట్రీ చూడండి, ఆ తర్వాతే మనిషిని అడగండి. ఖాతాదారుకు కేంద్ర కేవైసీ నంబరు ఉంటే, ఆ రికార్డు తెరిచి చూసినట్టు సిస్టంలో నమోదు కానిదే కొత్త కాగితాలు అడిగే వీలు ఉండకూడదు. అయినా అడగాల్సి వస్తే, ఏ కాగితం, ఎందుకు అన్నది తెలుగులో రాసి ఇవ్వాలి. 'అవసరమనిపిస్తే' అన్న మాటకు రిజర్వు బ్యాంకు హద్దు గీయాలి.

2. తెలుగువాళ్ల పేర్లు మీ ఫారంలో పట్టడం లేదు. మొదటి పేరు, మధ్య పేరు, చివరి పేరు అని మూడు గడులు ఇస్తారు. మన ఇంటిపేరు ముందొస్తుంది. స్కూలు సర్టిఫికెట్‌లో అది పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి మాట, పాన్‌లో చివర. వెంకట, సత్య, నాగ లాంటివి ఒకచోట విడిగా, ఒకచోట కలిపి. 'లక్ష్మి'ని ఇంగ్లిషులో రాయటానికి నాకు తెలిసి నాలుగు రకాల స్పెల్లింగులున్నాయి. పెళ్లయిన ఆడవాళ్లకు పుట్టింటి పేరుతో ఒక కార్డు, అత్తింటి పేరుతో ఒక కార్డు. పుట్టిన తేదీ తెలియక వయసు మాత్రమే చెప్పినవాళ్లలో చాలామందికి ఆధార్‌లో జనవరి 1 పడింది, స్కూలు రికార్డులో వేరే తేదీ ఉంది. కంప్యూటరుకు వీళ్లంతా వేర్వేరు మనుషులు. బ్రాంచిలో పదేళ్లుగా చూస్తున్న మేనేజరుకు ఒక్కరే. ఇంటిపేరు ముందున్నా వెనకున్నా, పొడి అక్షరమైనా పూర్తి మాటైనా ఒకటిగా లెక్కించేలా పేర్లు పోల్చే నియమాలను తెలుగు తెలిసినవాళ్లతో రాయించండి. తమిళులకు, మలయాళీలకు వాళ్ల పద్ధతి ఉంటుంది, వాళ్లతో కూడా రాయించండి. తేడా చిన్నదైతే సంతకం చేసిన ఒక డిక్లరేషన్‌తో సరిపుచ్చుకునే అధికారం బ్రాంచి మేనేజరుకు ఇవ్వండి. గెజిట్ ప్రకటన తెమ్మని కూలి మనిషికి చెప్పటం ఏం న్యాయం?

3. ప్రభుత్వం జిల్లా పేరు మార్చితే జనం కాగితాలు తేవాలా? తెలంగాణ 2014 జూన్ 2న ఏర్పడింది. అక్కడి పది జిల్లాలు 2016 అక్టోబరులో 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. మా పల్నాడు జిల్లాయే అప్పుడు పుట్టింది. అంతకు ముందు మాది గుంటూరు. ఇల్లు కదల్లేదు, వీధి మారలేదు, పిన్‌కోడ్ అదే. పాత రికార్డులో గుంటూరు ఉంది, కొత్త ఆధార్‌లో పల్నాడు ఉంది కాబట్టి చిరునామా ప్రూఫ్ తెమ్మంటున్నారు. ప్రభుత్వ ఉత్తర్వుల ప్రకారం మారిన రాష్ట్రం, జిల్లా, మండలం పేర్లు రిజిస్ట్రీలోనే ఒకేసారి మార్చేయాలి. దీనికి ఒక్క మనిషిని కూడా బ్రాంచికి పిలవక్కర్లేదు.

4. చెప్పకుండా ఖాతా ఆపొద్దు. గడువుకు ముందు మూడుసార్లు, గడువు దాటాక మూడుసార్లు తెలియజేయాలని, ప్రతి విడతలో కనీసం ఒకటి ఉత్తరంగా ఉండాలని 2025 జూన్ ఉత్తర్వులోనే ఉంది. 2026 జనవరి 1 కల్లా అన్ని బ్యాంకులూ అమలు చేయాలన్నారు. ఆ ఉత్తరం తెలుగులో రావాలి, పోస్టులో రావాలి. ఎందుకంటే మెసేజ్‌లను జనం ఇప్పుడు నమ్మే స్థితిలో లేరు. 'కేవైసీ అప్‌డేట్ చేయకపోతే ఈ రాత్రికి మీ ఖాతా బ్లాక్ అవుతుంది, ఈ లింకు నొక్కండి' అని మోసగాళ్లు పంపేది కూడా సరిగ్గా ఇలాంటి మెసేజే. అలాంటివి తెరవొద్దని నేనే ఊళ్లో అందరికీ చెబుతుంటాను. మా మాట విని బ్యాంకు నిజంగా పంపిన మెసేజ్ కూడా చూడనివాళ్లు ఉన్నారు. ఇక ఆపక తప్పని పరిస్థితి వచ్చినా మొత్తం ఆపొద్దు. కూలి డబ్బు, పింఛను, సబ్సిడీ పడే ఖాతాలో నెలకు కొంత మొత్తం తీసుకునే వీలు ఉంచండి.

5. వేలిముద్ర ఒక్కదాని మీదే ఆధారపడొద్దు. మిరప కోసేవాళ్ల వేళ్లు, మగ్గం నేసేవాళ్ల వేళ్లు, బట్టలు ఉతికేవాళ్ల వేళ్లు యంత్రానికి పలకవు. ముసలివాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. డిజిటల్ సేవలు అందుకోవటం రాజ్యాంగం 21వ అధికరణం కిందికే వస్తుందని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పింది. యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివారు వేసిన కేసుల్లో వచ్చిన తీర్పు అది. అరిగిపోయిన వేళ్లకూ అదే న్యాయం వర్తించాలి.

6. గల్ఫ్‌లో ఉన్నవాళ్లను గుర్తుపెట్టుకోండి. జగిత్యాల, నిజామాబాద్ నుంచి వెళ్లినవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. వీడియో కేవైసీకి దేశం బయటి నుంచి కనెక్షన్ కలవకూడదని నిబంధన ఉంది. మోసాలు ఆపటానికే పెట్టారు, కాదనను. కానీ రెండేళ్లకోసారి సెలవు దొరికే మనిషి బ్యాంకు పని కోసం విమానం ఎక్కి రాలేడు కదా. అతని ఖాతా ఆగితే ఇక్కడ ఇంటి ఖర్చు ఆగుతుంది. ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయం ధ్రువీకరించిన కాగితాన్ని రిజిస్ట్రీకే నేరుగా చేర్చే దారి ఒకటి పెట్టండి. ఒకచోట చేరిస్తే అతని అన్ని బ్యాంకులకూ చెల్లాలి.

7. బ్యాంకులో కేవైసీ డేటాకు ఒక యజమాని ఉండాలి. చట్టం ప్రకారం ప్రతి బ్యాంకుకూ ఒక డిజిగ్నేటెడ్ డైరెక్టర్, ఒక ప్రిన్సిపల్ ఆఫీసర్ ఉంటారు. వాళ్లు అనుమానాస్పద లావాదేవీల గురించి ఢిల్లీలోని ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌కు జవాబు చెబుతారు. ఖాతాదారుకు జవాబు చెప్పేవాళ్లెవరు? లోన్ల విభాగాన్ని అడిగితే ఖాతాల విభాగం అంటుంది, వాళ్లను అడిగితే హెడ్డాఫీసు ఐటీ అంటారు. ఆరు నెలల్లో అన్ని విభాగాల రికార్డులను ఒక మనిషికి ఒకే రికార్డుగా కలపండి. కలవనివి ఎన్ని మిగిలాయో, రిజిస్ట్రీ నుంచి తిరిగొచ్చినవి ఎన్నో ప్రతి మూడు నెలలకూ వెబ్‌సైట్‌లో పెట్టండి. ఈ శుభ్రం చేసే పని బ్రాంచి సిబ్బంది నెత్తిన టార్గెట్‌గా రుద్దొద్దు. దానికి విడిగా మనుషుల్ని వేయండి. 2017లో మేం చేసిన పొరపాటు మళ్లీ జరగకూడదు.

8. మీ ఆలస్యానికి పరిహారం ఇవ్వండి. ఎవరి అప్పు ఎంతో నమోదు చేసే సిబిల్ లాంటి సంస్థల్లో అప్పు వివరాలు తప్పుగా పడితే, ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకు 100 రూపాయలు చెల్లించాలని రిజర్వు బ్యాంకు రూలు పెట్టింది. 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అప్పు తెచ్చుకునేవాడికి ఉన్న ఆ రక్షణ, తన సొంత డబ్బు తను తీసుకోలేని మనిషికి ఎందుకు లేదు? కేవైసీ రికార్డు తప్పుకూ అదే 100 రూపాయలు వర్తింపజేయండి. కాకపోతే ఇక్కడ 30 రోజులు చాలా ఎక్కువ, ఏడు రోజులు పెట్టండి.

9. మా రికార్డు మాకు చూపించండి. అన్నీ ఒకే చోట పెడుతున్నారంటే, అక్కడ ఒక్క తప్పు పడితే అన్ని బ్యాంకులకూ పాకుతుంది. ఆ ఒక్క చోటు దొంగల పాలైతే మా బతుకంతా వాళ్ల చేతిలో ఉంటుంది. కాబట్టి నా రికార్డులో ఏముందో, ఏ సంస్థ ఏ రోజు దాన్ని తెరిచిందో నేను ఎప్పుడైనా చూసుకోగలగాలి. ఊళ్లో బ్యాంకు తరఫున పనిచేసే బ్యాంక్ మిత్ర దగ్గరైనా సరే, తెలుగులో చూడగలగాలి. నాకు తెలియని సంస్థ ఏదైనా తెరిస్తే అభ్యంతరం చెప్పగలగాలి. ఇది కుదిరితే జిరాక్సుల బెడదా తగ్గుతుంది. ఆధార్, పాన్ జిరాక్సులు ఎన్ని చోట్ల ఇచ్చామో మనకే గుర్తుండదు. సంతకం చేసిన ఆ కాగితాలు ఎవరి చేతుల్లో పడతాయో ఎవరికి తెలుసు?

10. మ్యూచువల్ ఫండ్లకు, షేర్లకు వాటి నియంత్రణ సంస్థ సెబీ కింద వేరే కేవైసీ ఏజెన్సీలు 2011 నుంచి ఉన్నాయి. బీమాకు ఇంకో తంతు. రిజర్వు బ్యాంకు, సెబీ, బీమా నియంత్రణ సంస్థ మూడూ కూర్చుని ఒక్క రికార్డే అన్నిటికీ చెల్లేలా తేదీ ప్రకటించండి.

కేవైసీ వద్దని మేం అనటం లేదు. ఇతరుల ఖాతాలు అద్దెకు తీసుకుని వాటితో జనం సొమ్ము దోచేవాళ్ల సంగతి బ్యాంకులో పనిచేసిన నాకు తెలుసు. అలాంటివాళ్ల కాగితాలు ఎప్పుడూ సరిగ్గానే ఉంటాయి. స్పెల్లింగు తేడాలుండేది నిజమైన మనుషులకే. 2014 ఆగస్టులో మొదలైన జన్‌ధన్ ఖాతాలు ఇప్పుడు 56 కోట్లు దాటాయి. రిస్కు తక్కువున్న ఖాతాలకు పదేళ్లకోసారి కేవైసీ అన్న లెక్కన మొదట తెరిచినవాటికి గడువు వచ్చేసింది, మిగతావాటికి ఏటా వస్తూనే ఉంటుంది. 2025 జులై నుంచి సెప్టెంబరు దాకా పంచాయతీల్లో క్యాంపులు పెట్టించారు, మంచి పని. మా ఊళ్లో క్యాంపు రోజున ఆమె పత్తి చేలో ఉంది. క్యాంపు ఎప్పుడో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఖాతా చివరికి ఇరవై మూడో రోజున తెరుచుకుంది. ఏం చేస్తే తెరుచుకుందో, అంతకు ముందు ఎందుకు తెరుచుకోలేదో ఎవరూ చెప్పలేకపోయారు. వడ్డీకి తెచ్చిన డబ్బు ఇంకా తీర్చుతోంది.

ఈ పది విషయాల్లో వేటిని ఒప్పుకుంటారో, వేటిని కుదరదంటారో, కుదరకపోతే ఎందుకో అరవై రోజుల్లో జవాబు ఇవ్వమని కోరుతున్నాను. జవాబు తెలుగులో పంపండి. ఇప్పుడు ప్రతి ఆదివారం మా అరుగు మీదికి ఆరేడుగురు కవర్లు పట్టుకుని వస్తున్నారు. వాళ్లకు చదివి వినిపించాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
పల్నాడు జిల్లా